ఏఐ ఏజెంట్ల కోసం డెవలపర్ సాధనాల డాక్యుమెంటేషన్ రాయడం ఎలా

కమాండ్ లైన్ సాధనానికి (ఆదేశాలు టైప్ చేసి నడిపే ప్రోగ్రాము) గానీ ఏపీఐకి (ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును పిలిచే మార్గం) గానీ డాక్యుమెంటేషన్ రాసేవారు ఇంతకాలం మనిషినే దృష్టిలో పెట్టుకున్నారు. మనిషికి ఎక్కడైనా అర్థం కాకపోతే పక్క సీటులో ఉన్నవారిని అడుగుతాడు, అనుమానం వస్తే ఆగుతాడు. కోడింగ్ ఏజెంటు (కోడ్ రాసి, కమాండ్లను తానే నడిపే ఏఐ ప్రోగ్రాము) మాత్రం, ముందున్న పాఠంలో ఏదైనా లోపిస్తే, తనకు తెలిసిన ఇతర సాధనాల పోలికతో ఆ ఖాళీని పూరించుకుని ముందుకు సాగిపోవడమే ఎక్కువ. కాబట్టి బృందంలో అందరికీ నోటి మాటగా తెలిసి, ఎక్కడా రాసి ఉండని సంగతులను వెలికితీసి రాయడమే ఈ పనిలో అసలు భాగం.

అన్నిటికంటే ముందు, పని జరిగిందని ఎలా తెలుస్తుందో రాయండి. కమాండ్ నడిపాక ఏజెంటు ఆధారపడేది ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు కమాండ్ ఇచ్చే అంకె) మీద, తెరపై పడిన అక్షరాల మీద. సున్నా వస్తే పని అయినట్టు, మరో అంకె వస్తే చెడినట్టు అనుకోవడం రివాజు. అయితే బాగా పేరున్న సాధనాలకు కూడా ఈ లెక్క అన్నిచోట్లా వర్తించదు. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్, వెతికిన మాట లేకపోతే 1 ఇస్తుంది, నిజంగా లోపం తలెత్తితే 2 ఇస్తుంది. వెబ్ చిరునామాల నుంచి సమాచారం తెచ్చే కర్ల్ మామూలుగా సర్వర్ నుంచి 404 (అడిగింది దొరకలేదు) వచ్చినా సున్నాతోనే ముగుస్తుంది. ఫెయిల్ ఫ్లాగ్ (ఫ్లాగ్ అంటే కమాండ్ తీరును మార్చేందుకు దానికి జోడించే మాట) ఇచ్చినప్పుడే 22 వస్తుంది. సర్వర్ల వంటి వనరులను ఏర్పాటు చేసే టెర్రాఫామ్‌లో, రాబోయే మార్పులను ముందుగా చూపే ప్లాన్‌ను డీటెయిల్డ్ ఎగ్జిట్‌కోడ్ ఫ్లాగ్‌తో నడిపితే మార్పులేవీ లేనప్పుడు 0, లోపం ఉంటే 1, చేయవలసిన మార్పులుంటే 2 వస్తాయి. ఈ మూడు అంకెల అర్థం తెలియని ఏజెంటు, 2ను చూసి ఏదో చెడిందనుకుని, చక్కగా ఉన్న కాన్ఫిగరేషన్ ఫైళ్లను మార్చడం మొదలుపెట్టవచ్చు. మీ సాధనం ఇచ్చే ప్రతి కోడ్‌కూ అర్థాన్నీ, ఆ తర్వాత చేయవలసిన పనినీ ఒక్కో వాక్యంలో రాసిపెట్టండి.

తర్వాతిది టూల్ (ఏజెంటు పిలిచి వాడుకునే ఒక్కో పని) వివరణ. 2024 నవంబరులో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ విడుదల చేసిన, ఏఐ మోడళ్లను బయటి సాధనాలతో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో ప్రతి టూల్‌కూ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (ఏయే విలువలు ఏ రూపంలో ఇవ్వాలో తెలిపే నిర్వచనం) ఉంటాయి. ఏ టూల్‌ను ఎప్పుడు పిలవాలో మోడల్ ప్రధానంగా వీటిని చదివే తేల్చుకుంటుంది. లాగ్‌లు (ప్రోగ్రాము నడిచేటప్పుడు రాసుకునే నమోదులు) తెచ్చే ఒక టూల్‌ను ఊహించండి. “లాగ్‌లను తెస్తుంది” అని రాసి వదిలేస్తే దాదాపు ఏమీ చెప్పనట్టే. దాన్ని ఇలా రాయవచ్చు: “ఒక సర్వీసు లాగ్‌లను, కొత్తవి ముందు వచ్చేలా ఇస్తుంది. సర్వీసు పేరుకు బదులు ఐడీ ఇవ్వాలి. ఐడీ తెలియకపోతే ముందుగా సర్వీసుల జాబితా టూల్‌ను పిలవాలి. సమయాలు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉండాలి. ఒకసారికి 200 వరుసలకు మించి రావు. ఇంకా ఉంటే కర్సర్ విలువ (ఎక్కడి నుంచి కొనసాగించాలో తెలిపే గుర్తు) వస్తుంది, దాన్ని తర్వాతి పిలుపులో పంపాలి. ఏమీ దొరకకపోతే ఖాళీ జాబితా వస్తుంది. అది లోపం కాదు.” ఇందులో ప్రతి వాక్యం ఒక తప్పుడు ఊహకు అడ్డుకట్ట వేస్తుంది. నా దృష్టిలో చివరి వాక్యమే అత్యంత విలువైనది, ఎందుకంటే ఖాళీ ఫలితాన్ని లోపమనుకున్న ఏజెంటు అదే పిలుపును అటూ ఇటూ మార్చి పదే పదే పంపుతూ ఉండిపోతుంది.

పాత వెర్షన్ల సంగతి ప్రత్యేకంగా రాయాలి. ఓపెన్‌ఏఐ పైథాన్ లైబ్రరీ 2023 నవంబరులో 1.0కు మారినప్పుడు పిలుపుల తీరే మారిపోయింది, కానీ పాత పద్ధతిలో రాసిన కోడ్ అప్పటికే ఇంటర్నెట్ నిండా ఉంది. అలాంటి కోడ్‌ను చూసి నేర్చుకున్న ఏజెంటు పాత పద్ధతినే వాడవచ్చు, కాబట్టి కొత్త పద్ధతిని మాత్రమే చెబితే చాలదు. పాత ఫంక్షన్ పేరును యథాతథంగా రాసి, ఇది ఏ వెర్షన్ నుంచి పనిచేయదో, దీని స్థానంలో ఏది వాడాలో పక్కనే చెప్పాలి.

మధ్యలో ఆగి అవునా కాదా అని అడిగే కమాండ్లకు ఆ ప్రశ్నను దాటించే ఫ్లాగ్‌ను పేర్కొనండి. అయితే చెరిపేసే కమాండ్ల విషయంలో ఇంత ఉదారత పనికిరాదు. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో క్లీన్ కమాండ్, గిట్ గమనించని (ట్రాక్‌లో లేని) ఫైళ్లను తొలగిస్తుంది, వాటిని గిట్ ద్వారా తిరిగి తెచ్చుకోలేము. కనుక ముందు డ్రై రన్ ఫ్లాగ్‌తో (ఏమీ తొలగించకుండా, ఏవి తొలగుతాయో మాత్రమే చూపేది) జాబితా చూపించి, మనిషి అనుమతి తీసుకున్నాకే, నిజంగా తొలగించే ఫోర్స్ ఫ్లాగ్ వాడాలని స్పష్టంగా రాయాలి. అంతమాత్రాన రాతనే కాపలాగా నమ్ముకోవద్దు. ప్రొడక్షన్ డేటాబేస్‌ను (వాడుకదారుల అసలు డేటా ఉండేదాన్ని) తాకకూడని ఏజెంటుకు ఆ అనుమతి లేని టోకెన్‌నే (ప్రవేశానికి వాడే రహస్య కీనే) ఇవ్వాలి.

ప్రాజెక్టు స్థాయి సూచనలకు రిపాజిటరీ (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) పైస్థాయి ఫోల్డరులో ఏజెంట్స్ డాట్ ఎండీ (AGENTS.md) అనే ఫైలు పెట్టడం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. అందులో బిల్డ్, టెస్ట్ కమాండ్లు నేరుగా నడపగలిగే రూపంలో ఉండాలి, ఫైలు పొట్టిగా ఉండాలి. సాధారణంగా ప్రతి సెషన్‌లోనూ అది కాంటెక్స్ట్‌లో (మోడల్ ఒకసారికి చదవగల పాఠంలో) చోటు తీసుకుంటుంది.

రాయడం పూర్తయ్యాక, ఈ పాఠం తప్ప మరేమీ ఇవ్వకుండా కొత్త సెషన్‌లో ఏజెంటుకు ఒక నిజమైన పని అప్పగించి, అది నడిపిన కమాండ్లను మొదటి నుంచి చివరి దాకా చదవండి. పని పూర్తయిందా లేదా అన్నదానికంటే, లేని ఫ్లాగ్‌ను ఎక్కడ కల్పించిందో, ఒకే కమాండ్‌ను ఎక్కడ రెండోసారి నడిపిందో చూడండి; సాధారణంగా పాఠంలో ఖాళీ ఉండేది అక్కడే. ఆ ఖాళీలు పూడ్చాక అదే పనిని దాచుకుని, సాధనం కొత్త వెర్షన్ విడుదల చేసే ప్రతిసారీ మళ్లీ నడిపించండి.