ఆటోమేక్‌తో పైథాన్‌ను పట్టుకుని, మాడ్యూళ్లను సరైన చోట పెట్టడం ఎలా

మీ ప్రాజెక్టు చాలావరకు సీలో ఉంది, దాంతోపాటు నాలుగైదు పైథాన్ ఫైళ్లున్నాయి, మేక్ ఇన్‌స్టాల్ కొట్టగానే అవి కూడా వెళ్లాల్సిన చోటికి వెళ్లిపోవాలి. ఇలాంటప్పుడు చాలామంది తమ మెషిన్లో పైథాన్ మాడ్యూళ్లు ఉండే సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ దారిని మేక్‌ఫైల్లో నేరుగా రాసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పక్కవాళ్ల మెషిన్లో పైథాన్ వెర్షన్ మారితే అది పనికిరాదు, పైగా రూట్ పర్మిషన్ లేనివాళ్లు మీ ప్రోగ్రామ్‌ను తమ హోమ్ ఫోల్డర్లో పెట్టుకోవడానికి కూడా వీలుండదు.

దీనికి ఆటోమేక్‌లో, అంటే మేక్‌ఫైళ్లను తయారుచేసిపెట్టే టూల్లో, ఒక మాక్రో (ముందే రాసిపెట్టిన కోడ్ ముక్క) రెడీగా ఉంది. కాన్ఫిగర్ స్క్రిప్టుకు మూలమైన కాన్ఫిగర్.ఏసీ ఫైల్లో ఏఎం_పాత్_పైథాన్ అని, అన్నీ పెద్దక్షరాల్లో రాసి, బ్రాకెట్లలో కనీసం ఏ వెర్షన్ కావాలో ఇవ్వండి, 3.8 అనుకుందాం. కాన్ఫిగర్ నడిచేటప్పుడు అది మెషిన్లో ఉన్న పైథాన్లను వరసగా చూసుకుంటూ పోయి, సరిపోయినదాన్ని తీసుకుంటుంది. ఏదీ దొరక్కపోతే ఎర్రర్ చెప్పి ఆగిపోతుంది. పైథాన్ లేకపోయినా మిగతాది బిల్డ్ కావాలంటే మూడో ఆర్గ్యుమెంటుగా ఒక్క కోలన్ పెట్టండి. అప్పుడు పైథాన్ (పెద్దక్షరాల్లో) అనే వేరియబుల్లో కూడా కోలనే ఉంటుంది కాబట్టి, దాన్ని ఏఎం_కండిషనల్‌తో పరీక్షించి పైథాన్ భాగాన్ని వదిలేయొచ్చు. ఒక మెషిన్లో రెండు మూడు పైథాన్లు ఉండటం మామూలే, అందుకే కాన్ఫిగర్‌కు పైథాన్=ఫలానా దారి అని ఇవ్వొచ్చని మీ రీడ్‌మీలో తప్పకుండా రాయండి.

ఇక్కడ ఒక పాత తలనొప్పి గురించి చెప్పాలి. ఆటోమేక్ 1.16.3 కంటే ముందువి వెర్షన్ నంబర్లో మొదటి మూడు అక్షరాలే తీసుకునేవి, కాబట్టి 3.10 వాటికి 3.1గా కనిపించేది, మాడ్యూళ్లు కూడా ఆ పేరున్న ఫోల్డర్లోకే పోయేవి. పాత ఆటోమేక్‌తో తయారైన కాన్ఫిగర్ స్క్రిప్టులో ఆ తప్పు ఇప్పటికీ అలాగే ఉంటుంది. కొత్త ఆటోమేక్ వేసుకుని ఆటోరీకాన్ఫ్ మైనస్ ఎఫ్ఐ నడిపితే పోతుంది.

ఇక మేక్‌ఫైల్.ఏఎం, అంటే ఆటోమేక్ మేక్‌ఫైల్‌ను తయారుచేయడానికి చదివే ఫైలు. మీ ఫైళ్ల పేర్లను పీకేజీపైథాన్_పైథాన్ అనే వేరియబుల్‌కు ఇవ్వండి, మొదటి సగం చిన్నక్షరాలు, రెండోది పెద్దక్షరాలు. సైట్-ప్యాకేజెస్‌లో మీ ప్యాకేజీ పేరుతో ఫోల్డర్ చేసి, ఫైళ్లను అందులో పెట్టి, బైట్‌కోడ్‌గా కంపైల్ చేసే పని కూడా అదే చూసుకుంటుంది. టార్‌బాల్లోకి (మీరు అందరికీ పంచే సోర్స్ ప్యాకేజీలోకి) కూడా ఆ ఫైళ్లు వాటంతటవే చేరతాయి, కాన్ఫిగర్ తయారుచేసే ఫైలైతే అందులోకి చేరకుండా వేరియబుల్ పేరు ముందు నోడిస్ట్_ తగిలించండి.

సబ్‌ఫోల్డర్లుంటే మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆటోమేక్ ఫోల్డర్ పేరు తీసేసి ఫైలు పేరు మాత్రమే ఉంచుతుంది. యుటిల్స్ ఫోల్డర్లో ఒక ఇనిట్ ఫైలు, పైన ఒక ఇనిట్ ఫైలు ఉంటే రెండూ ఒకే చోటికి పోయి కొట్టుకుంటాయి. వేరియబుల్ ముందు నోబేస్_ అని పెడితే ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

అందరూ కనీసం ఒకసారి పడే గొయ్యి ఇంకొకటుంది. మీ లాంచర్ స్క్రిప్టులో (ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే స్క్రిప్టులో) మాడ్యూళ్ల దారి కావాలని, ఆ దారి ఉండే పైథాన్‌డిర్ వేరియబుల్‌ను రెండు ఎట్ గుర్తుల మధ్య పెట్టి, అలాంటి చోట్ల విలువలు నింపే ఏసీ_కాన్ఫిగ్_ఫైల్స్ మాక్రోకు అప్పగిస్తారు. తీరా తయారైన స్క్రిప్టు తెరిచి చూస్తే, అసలు దారి బదులు డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్లు, మధ్యలో ప్రిఫిక్స్ వేరియబుల్ పేరు కనిపిస్తాయి. ఇది బగ్ కాదు, మేక్ ఇన్‌స్టాల్ సమయంలో కూడా ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్‌కు మూల ఫోల్డర్) మార్చుకునే వీలుండాలని కావాలనే అలా వదిలారు. కాబట్టి ఆ మార్పిడిని కాన్ఫిగర్‌తో కాకుండా మేక్‌ఫైల్లో సెడ్ (టెక్స్ట్‌లో మాటలు మార్చే కమాండ్) వాడే ఒక చిన్న రూల్‌తో చేయించండి, మేక్ ఆ వేరియబుల్‌ను పూర్తిగా విప్పి ఇస్తుంది.

అన్నీ అయ్యాక మేక్ ఇన్‌స్టాల్‌కు డెస్ట్‌డిర్‌గా ఒక ఖాళీ ఫోల్డర్ ఇచ్చి, ఏ ఫైలు ఎక్కడ పడిందో కళ్లారా చూసుకోండి. తర్వాత మేక్ డిస్ట్‌చెక్ కొట్టండి, అది టార్‌బాల్ తయారుచేసి పరీక్షిస్తుంది. అది తాత్కాలిక ప్రిఫిక్స్‌లో ఇన్‌స్టాల్ చేసి చూస్తుంది కాబట్టి, దారి ఎక్కడైనా నేరుగా రాసి ఉంటే పర్మిషన్ ఎర్రర్‌తో బయటపడుతుంది. ఇన్‌స్టాల్ బాగానే అయినా ఇంపోర్ట్ కావట్లేదంటే, పైథాన్ మైనస్ ఎం సైట్ కొట్టి అది వెతికే ఫోల్డర్ల లిస్టు చూడండి. డెబియన్, ఉబుంటుల్లో సైట్-ప్యాకేజెస్ బదులు డిస్ట్-ప్యాకేజెస్ ఉంటుంది, గొడవ ఎక్కువగా అక్కడే వస్తుంది. అప్పుడు మేక్ ఇన్‌స్టాల్ పక్కనే పైథాన్‌డిర్=ఆ లిస్టులో ఉన్న ఫోల్డర్ అని ఇస్తే చాలు, మేక్‌ఫైల్‌ను ముట్టుకోనక్కర్లేదు.