హీటర్ లేని గ్రీన్‌హౌస్‌లో కీరదోస: మొక్క చెప్పే లక్షణం, వెనకున్న కారణం, చేయాల్సిన పని

కీర మొక్క కాస్త తేడాగా కనిపించగానే చెయ్యి ముందు స్ప్రేయర్ మీదికి పోతుంది. హీటర్ లేని గ్రీన్‌హౌస్‌లో అయితే ముందు చూడాల్సింది థర్మామీటర్. రాత్రి కనిష్ఠం, పగటి గరిష్ఠం రెండూ గుర్తుంచుకునే రకం ఒకటి కొని, మొక్క ఎత్తులో, ఎండ నేరుగా తగలని చోట వేలాడదీయండి. కింద చెప్పే సమస్యల్లో చాలావాటికి జవాబు ఆ రెండు అంకెల్లోనే ఉంటుంది. ఇంకొన్నిటికి విత్తనాల ప్యాకెట్ వెనక ఉంటుంది.

విత్తనం మొలవలేదు, లేదా మొలిచిన నాలుగు రోజులకే పడిపోయింది

మట్టి 15 డిగ్రీల లోపు ఉంటే కీర విత్తనం మొలవడం మానేసి కుళ్లుతుంది. 25-30 డిగ్రీల్లో అదే విత్తనం నాలుగైదు రోజుల్లో తల ఎత్తుతుంది. మొలక కాండం నేలను తాకే చోట నీరుకారి, దారంలా సన్నబడి వాలిపోతే అది నారుకుళ్లు. పడిన మొక్కను లేపలేం. ఈసారి నారు ఇంట్లో వెచ్చని చోట పోసి, ట్రే మరీ తడిగా లేకుండా చూసుకోండి. మూడు నాలుగు వారాల నారు నాటడానికి సరిపోతుంది.

నాటిన మొక్క ఎదగడం లేదు, పొద్దున ఎండ పడగానే వాడుతోంది

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నేనూ పొరబడ్డాను. ఆకులు వేలాడుతున్నాయి కదా అని గొట్టం పట్టి నీళ్లు పెట్టాను. మధ్యాహ్నానికి మళ్లీ వాడితే మళ్లీ పెట్టాను. వారం తిరిగేసరికి కింది ఆకులు పసుపెక్కాయి, కాండం మొదలు మెత్తబడింది. వేలు గుచ్చి చూస్తే మట్టి బురదలా ఉంది, చల్లగా కూడా ఉంది.

జరిగేది ఇది: ఎండ రాగానే గాజు వెనక గాలి గబగబా వేడెక్కుతుంది, ఆకు నీటిని ఆవిరి చేయడం మొదలుపెడుతుంది. రాత్రంతా చల్లబడిన మట్టిలో వేరు మాత్రం ఇంకా నీరు పీల్చే స్థితిలో ఉండదు. అంటే నీళ్లున్నా మొక్కకు దాహమే. పైన మళ్లీ చన్నీళ్లు పోస్తే వేరు ఇంకా బిగుసుకుంటుంది. లోపలి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పోతే కీరకు నేరుగా దెబ్బే.

రాత్రి కనిష్ఠం వరసగా వారం పాటు 12 పైన నిలిచేదాకా నాటకండి. నీళ్ల డ్రమ్ము గ్రీన్‌హౌస్ లోపలే పెట్టండి. పగలు పట్టిన వేడిని అది రాత్రి మెల్లగా వదులుతుంది, పోసే నీరూ చల్లగా ఉండదు. చిన్న మట్టి దిబ్బ మీద నాటితే కాండం మొదట్లో నీరు నిలవదు. చలి రాత్రుళ్లు పల్చటి గుడ్డ కప్పండి. చలి ఎక్కువ రోజులు ఉండే చోట ఫిగ్‌లీఫ్ గుమ్మడి వేరు మీద అంటు కట్టిన నారు దొరికితే వదలొద్దు. ఆ వేరు చల్లటి మట్టిని కీర వేరు కన్నా బాగా తట్టుకుంటుంది.

పూలు బోలెడు, కాయ లేదు

పువ్వు వెనక చూడండి. బుల్లి కాయ ఉంటే ఆడది, సన్నటి కాడ మాత్రమే ఉంటే మగది. మార్కెట్‌మోర్ 76 లాంటి రకాల్లో మొదట మగపూలే వస్తాయి, కొన్నాళ్లు ఆగాలి. ఆడపువ్వు వచ్చాక తేనెటీగ కూడా కావాలి. మూసి ఉన్న గ్రీన్‌హౌస్‌లోకి అదెలా వస్తుంది? పగలు తలుపులు తెరవండి. లేదంటే పొద్దున్నే మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో అద్దండి.

ఈ గొడవే వద్దనుకుంటే పరాగ సంపర్కం లేకుండా కాసే రకం వేసుకోండి. కార్మెన్‌లో దాదాపు అన్నీ ఆడపూలే, బూడిద తెగులునూ కొంత తట్టుకుంటుంది. 2002లో ఆల్ అమెరికా సెలక్షన్స్ (కొత్త తోట రకాలకు అమెరికాలో ఇచ్చే అవార్డు) గెలిచిన దివా కూడా ఈ కోవదే. నా ఓటు ఇలాంటివాటికే.

చిటికెనవేలంత పిందెలు పసుపెక్కి ఎండిపోతున్నాయి

అన్నీ ఆడపూలున్న రకం కణుపు కణుపునా పిందె పెడుతుంది, మోయలేనివాటిని వదిలేస్తుంది. కొన్ని రాలితే టెన్షన్ అక్కర్లేదు. మబ్బు రోజులు, చలి రాత్రుళ్లు తోడైతే రాలడం పెరుగుతుంది. నేల నుంచి 60 సెంటీమీటర్ల దాకా వచ్చే పిందెలను గిల్లేయండి. మనసొప్పదు గానీ, వేరు బలపడితే పైన కాయ నిలుస్తుంది. ఎదిగిన కాయను మాత్రం తీగ మీద ఉంచొద్దు.

కాయ అడుగు గదలా ఉబ్బింది, లేదా చేదుగా ఉంది

ఉబ్బి, లోపల గింజ కట్టిందంటే గింజ లేకుండా కాయాల్సిన రకానికి పుప్పొడి తగిలిందన్నమాట. అలాంటి రకం పక్కన మగపూల రకం పెంచకండి. పాత టెలిగ్రాఫ్ రకం మగపూలు కూడా పూస్తుంది, వాటిని రోజూ తుంచాలి.

చేదుకు కారణం కుకుర్బిటాసిన్ అనే పదార్థం. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే, లేదా పగలు 35 దాటి రాత్రి బాగా చల్లబడితే మొక్క ఒత్తిడికి లోనై అది పెరుగుతుంది. నీరు కొద్దికొద్దిగా, క్రమంగా ఇవ్వండి. చేదు తొడిమ వైపు, తొక్క కింద ఎక్కువ. కాయ మొత్తం విషంలా ఉంటే తినకండి, కడుపు పాడవుతుంది.

ఆకు మీద మచ్చలు

ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పైన పిండి చల్లినట్టుంటే బూడిద తెగులు: మట్టి ఎండి, గాలి ఆడనప్పుడు వస్తుంది. ఈనెల మధ్య గళ్లు గీసినట్టు పసుపు మచ్చలుండి, అడుగున బూడిదరంగు పొర ఉంటే బూజు తెగులు: ఆకు తడిగా ఉండిపోవడమే దానికి దారి. పొద్దున ప్లాస్టిక్ మీది నుంచి చుక్కలు కారుతున్నాయంటే వెంటనే కిటికీలు తీయండి. నీళ్లు ఆకుల మీద కాకుండా మొక్క మొదట్లోనే పోయండి, ముదిరిన కింది ఆకులు తీసేయండి.

సూదిమొనతో పొడిచినట్టు లేత చుక్కలు, అడుగున సన్నటి గూడు కనిపిస్తే ఎర్రనల్లి. అది పొడి వేడిని ఇష్టపడుతుంది కాబట్టి మధ్యాహ్నం నడిదారి తడపండి, ఆకు అడుగున నీటిని బలంగా చిమ్మండి.

ఆకు ముడుచుకుని, పచ్చ పసుపు కలగలిసి, కాయ బొడిపెలు కడితే మొజాయిక్ వైరస్. పేనుబంక దాన్ని మోసుకొస్తుంది, మందు లేదు. మొక్కను వేరుతో సహా పీకి బయట పారేయండి. చేతులు, కత్తెర సబ్బుతో కడుక్కున్నాకే పక్క మొక్కను ముట్టుకోండి.