కాంటాక్ట్ ఫారం మెయిల్స్ మీకు చేరుతున్నాయా?

మీ బిజినెస్ వెబ్‌సైట్‌లోని కాంటాక్ట్ ఫారాన్ని ఓసారి మీరే నింపి పంపి చూడండి. "మీ మెసేజ్ అందింది, ధన్యవాదాలు" అని స్క్రీన్ మీద వచ్చినంత మాత్రాన మెయిల్ చేరినట్టు కాదు. ధర కనుక్కుందామని రాసిన మనిషి జవాబు రాకపోతే మళ్లీ రాయడు, ఇంకొకరి దగ్గరకు వెళ్లిపోతాడు.

ఇన్‌బాక్స్‌లో లేకపోతే స్పామ్ ఫోల్డర్ చూడండి. చాలాసార్లు కారణం ఫ్రమ్ అడ్రస్‌లో కస్టమర్ మెయిల్ ఐడీ పెట్టడమే. వాళ్ల జీమెయిల్ పేరుతో మీ సర్వర్ మెయిల్ పంపితే ఎస్‌పీఎఫ్, డీమార్క్ తనిఖీల్లో (ఫ్రమ్‌లో ఉన్న డొమైన్ పేరుతో మెయిల్ పంపే అనుమతి ఆ సర్వర్‌కు ఉందా అని చూసేవి) అది నకిలీ మెయిల్‌లా కనిపిస్తుంది. ఫ్రమ్‌లో మీ సొంత డొమైన్ అడ్రస్, రిప్లై-టులో కస్టమర్ ఐడీ ఉండాలి. అప్పుడు మీరు రిప్లై కొడితే నేరుగా వాళ్లకే వెళ్తుంది. ప్రతి ఎంక్వైరీ డేటాబేస్‌లో కూడా సేవ్ అయ్యేలా పెట్టించుకుంటే ఇంకా మంచిది. హోస్టింగ్ మార్చినా, ప్లగిన్ అప్‌డేట్ చేసినా ఈ టెస్ట్ మళ్లీ చేయండి.