ప్రైవేటు ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్: ఖర్చు అంచనాను ఎలా అర్థం చేసుకోవాలి?

గజ్జలోనో బొడ్డు దగ్గరో ఉబ్బు కనబడి సర్జన్‌ను కలిసిన మనిషి, ఆపరేషన్ అవసరమన్న మాటతో పాటు బిల్లింగ్ కౌంటరులో చెప్పిన ఒక అంకెను కూడా వెంటబెట్టుకుని ఇంటికి వస్తాడు. మరో ఆసుపత్రిలో అడిగితే ఆ అంకె సగమో రెట్టింపో అవుతుంది. అంతమాత్రాన ఒకరు దోచుకుంటున్నారనో, మరొకరు నాసిరకంగా చేస్తారనో అనుకోవడం తొందరపాటే. చాలా సందర్భాల్లో ఆ రెండు అంకెలూ వేర్వేరు పద్ధతులకు, వేర్వేరు గదులకు, వేర్వేరు రకాల మెష్‌కు, అంటే బలహీనపడిన పొట్ట గోడకు ఆసరాగా లోపల అమర్చే వలకు, చెప్పినవై ఉంటాయి. ధరలను పోల్చే ముందు ఆ ధర దేనికో తెలియాలి. తెలుగు రాష్ట్రాల్లో సొంత డబ్బుతోనో, ప్రైవేటు ఆరోగ్య బీమాతోనో ఆపరేషన్ చేయించుకోదలచినవారు ఆ సంగతిని ఏ వరుసలో తెలుసుకోవచ్చో ఇక్కడ చూద్దాం.

మొదటి అడుగు: ఏ హెర్నియానో, ఎంత తొందర ఉందో రాయించుకోండి

గజ్జలో వచ్చేది, బొడ్డు దగ్గర వచ్చేది, పాత ఆపరేషన్ గాటు మీద వచ్చేది అన్నీ హెర్నియాలే అయినా వాటి ఖర్చు ఒకటి కాదు. గజ్జ హెర్నియాను వరిబీజంతో కలిపి మాట్లాడుకోవడం మనవాళ్లలో మామూలే గానీ అది వేరే జబ్బు, దాని ఆపరేషన్ వేరు. సిజేరియన్ వంటి పాత గాటు దగ్గర వచ్చిన పెద్ద హెర్నియాకు సమయమూ ఎక్కువే, మెష్ కూడా పెద్దదే కావాలి. అందుచేత చీటీ మీద హెర్నియా రకం, అది ఒక వైపా రెండు వైపులా, మొదటిసారి వచ్చిందా తిరగబెట్టిందా అన్నవి స్పష్టంగా రాయించుకోవాలి.

పడుకుంటే లోపలికి పోతూ పెద్దగా బాధ పెట్టని గజ్జ హెర్నియా ఉన్న మగవారి విషయంలో, సర్జన్ సలహా మీద కొంతకాలం కనిపెట్టుకుని ఉండడం వైద్యులు అంగీకరించిన మార్గమే. రెండు మూడు చోట్ల విచారించడానికి ఆ వ్యవధి చాలు. అయితే ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోవడం, తీవ్రమైన నొప్పి, వాంతులు, మలం గానీ గాలి గానీ పోకపోవడం వంటివి కనిపిస్తే ధరల విచారణ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పేగు ఇరుక్కుని రక్తప్రసారం ఆగిపోతే పేగు ముక్కను తొలగించవలసి రావచ్చు, ఐసీయూ అవసరం కావచ్చు. అప్పుడు ముందు చెప్పిన అంచనా దేనికీ పనికిరాదు.

రెండో అడుగు: పద్ధతి ఏమిటో, ఎందుకో అడగండి

గజ్జ హెర్నియాకు ఓపెన్ పద్ధతిలో చిన్న కోత పెట్టి మెష్ అమరుస్తారు. దీన్ని నడుముకు మత్తు ఇచ్చి గానీ, కొందరికి ఆ చోటు వరకే మత్తు ఇచ్చి గానీ చేయవచ్చు. చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసే ల్యాప్రోస్కోపీకి సాధారణంగా పూర్తి మత్తు కావాలి. కెమెరా, ప్రత్యేక పరికరాలు, ఒకసారి వాడి పారేసే సామాగ్రి తోడై ఖర్చు పెరుగుతుంది. రెండు వైపులా హెర్నియా ఉన్నప్పుడు, గతంలో ఓపెన్ పద్ధతిలో చేసింది తిరగబెట్టినప్పుడు, త్వరగా పనిలోకి వెళ్లాలనుకున్నప్పుడు ఆ అదనపు ఖర్చుకు తగిన కారణం ఉంటుంది. అలాగని ఓపెన్ పద్ధతి కాలం చెల్లినదేమీ కాదు. 1980ల నుంచి వాడుకలో ఉన్న లిక్టెన్‌స్టైన్ పద్ధతిని నేటికీ ప్రపంచమంతటా చేస్తున్నారు. రోబో సాయంతో చేసే ఆపరేషన్‌కు ధర ఇంకా ఎక్కువ, పైగా చాలా బీమా పాలసీలు దానికి విడిగా పరిమితి పెడతాయి. మొదటిసారి వచ్చిన, ఒక వైపే ఉన్న మామూలు గజ్జ హెర్నియాకు రోబో సూచిస్తే, దాని వల్ల మీకు ప్రత్యేకంగా కలిగే మేలేమిటని అడగడంలో తప్పు లేదు.

మూడో అడుగు: మెష్ సంగతి విడిగా తేల్చుకోండి

అంచనా కాగితంలో అన్నిటికంటే మసకగా ఉండే వరుస ఇదే. గజ్జ హెర్నియాకు సాధారణంగా వాడే పాలీప్రొపిలీన్ మెష్ ఒక పలుచని వల వంటిది. పొట్ట లోపల, పేగులకు తగిలేలా అమర్చవలసి వచ్చినప్పుడు మాత్రం పేగులు అతుక్కోకుండా ఒక వైపు పూత ఉన్న మెష్ కావాలి. దాని ధర మామూలు మెష్‌కు కొన్ని రెట్లు ఉంటుంది. మెష్‌ను బిగించడానికి వాడే ట్యాకర్ అనే పరికరం కూడా ఖరీదైనదే. కరిగిపోయే పిన్నులున్న రకమైతే మరింత ప్రియం. రెండు వైపులా చేస్తే మెష్‌లు రెండు పట్టవచ్చు. అంచనాలో ఎన్ని వేశారో చూసుకోవాలి.

గుండెకు వేసే స్టెంట్లకు, మోకాలి కీళ్లకు 2017లో కేంద్రం గరిష్ఠ ధరలు నిర్ణయించింది. హెర్నియా మెష్‌కు అటువంటి కట్టడి లేదు కాబట్టి, సాధారణంగా పెట్టె మీద ముద్రించిన ఎంఆర్‌పీయే బిల్లులోకి వస్తుంది. ఏ కంపెనీది, ఏ రకం, ఎంత సైజు, ఎంత ధర అన్న నాలుగు ప్రశ్నలకు ఆపరేషన్‌కు ముందే జవాబు తీసుకోండి. చవకైనదే వేయమని పట్టుబట్టమని కాదు నా ఉద్దేశం. ఏది సరిపోతుందో నిర్ణయించవలసింది సర్జనే. కానీ మీ పరిస్థితికి సమానంగా సరిపోయేవి రెండున్నప్పుడు ఆ ఎంపికలో మీకూ మాట ఉండాలి.

నాలుగో అడుగు: గదిని ఎంచుకునే ముందు లెక్క వేయండి

గది మారితే గది అద్దె మాత్రమే మారుతుందని అనుకుంటాం. నిజానికి చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కూడా గది తరగతిని బట్టే పెరుగుతాయి. అదే సర్జన్, అదే థియేటర్, అదే మెష్, అయినా షేరింగ్ గదిలో ఉన్నవారికి ఒక బిల్లు, సింగిల్ గదిలో ఉన్నవారికి మరో బిల్లు.

బీమా ఉన్నవారికి ఇక్కడ ఇంకో చిక్కుంది. ఉదాహరణకు, రూ. 3 లక్షల పాలసీలో గది అద్దెకు రోజుకు ఒక శాతం, అంటే రూ. 3,000 పరిమితి ఉందనుకుందాం. మీరు రూ. 6,000 గదిలో రెండు రోజులు ఉన్నారు. గదికి రూ. 12,000, సర్జన్, మత్తు, థియేటర్, నర్సింగ్ ఛార్జీలు కలిపి రూ. 60,000, మెష్‌కు రూ. 18,000, మందులు, సామాగ్రికి రూ. 20,000, పరీక్షలకు రూ. 10,000, మొత్తం రూ. 1,20,000 బిల్లు వచ్చింది. పాలసీ పరిమితి గది అద్దెలో సగానికే సరిపోయింది కాబట్టి కంపెనీ గది అద్దెలో రూ. 6,000, సర్జన్ మొదలైన ఛార్జీలలో రూ. 30,000 మాత్రమే ఇస్తుంది. మందులు, సామాగ్రి, మెష్ వంటి ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ దామాషా కోత వేయకూడదని బీమా నియంత్రణ సంస్థ నిబంధన ఉంది గనుక ఆ రూ. 48,000 పూర్తిగా వస్తుంది. ఇచ్చేది రూ. 84,000, మీ జేబు నుంచి రూ. 36,000. గదిలో తేడా రూ. 6,000 మాత్రమే అయినా చెల్లించవలసినది దానికి ఆరు రెట్లు. పైగా రోజుకు రూ. 5,000 దాటిన గది మీద 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది కాబట్టి దానికి మరో రూ. 600 కలుపుకోవాలి.

ఐదో అడుగు: అంచనాను కాగితం మీద తీసుకోండి

ప్యాకేజీ అన్న మాట వినగానే అన్నీ అందులోనే ఉంటాయని నమ్మడం సహజం. మెష్, ట్యాకర్, ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షలు, ఈసీజీ, గుండె డాక్టరు లేదా షుగర్ డాక్టరు చూసినందుకు ఫీజు, ఇంటికి తీసుకెళ్లే మందులు, కుట్లు తీయడానికి మళ్లీ వచ్చినప్పటి ఖర్చు ప్యాకేజీలో ఉన్నాయో లేవో ఒక్కొక్కటిగా అడిగి రాయించుకోవాలి. మరో రోజు ఉండవలసి వస్తే రోజుకు ఎంత, ల్యాప్రోస్కోపీ మొదలుపెట్టి మధ్యలో ఓపెన్‌గా మార్చవలసి వస్తే బిల్లు ఎలా మారుతుంది అన్నవి కూడా అప్పుడే అడగాలి. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం అమలులో ఉన్నచోట రేట్లను స్థానిక భాషలో కూడా ప్రదర్శించాలని 2012 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. మందులను, పరీక్షలను నచ్చిన చోట తీసుకునే హక్కును జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం పేర్కొంది. థియేటర్ లోపలికి వెళ్లే సామాగ్రి విషయంలో ఇది ఆచరణలో కష్టమే గానీ, పరీక్షలకు, డిశ్చార్జ్ మందులకు బాగానే పనికొస్తుంది.

ఆరో అడుగు: బీమాను తేదీలతో సహా సరిచూసుకోండి

హెర్నియాకు చాలా పాలసీల్లో మొదటి రెండేళ్లు క్లెయిమ్ రాదు. అన్ని కంపెనీలూ అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలోనూ అన్ని రకాల హెర్నియాలకు 24 నెలల నిరీక్షణ ఉంది. ఆ గడువు ముగియడానికి కొద్ది నెలలే ఉండి, తొందర లేదని సర్జన్ చెబితే ఆగడం లాభం. ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్ కాబట్టి కంపెనీయే నేరుగా ఆసుపత్రికి చెల్లించే క్యాష్‌లెస్ అనుమతికి కొన్ని రోజుల ముందే ఆసుపత్రిలోని ఇన్సూరెన్స్ డెస్కులో కాగితాలివ్వండి. ఉదయం చేరి సాయంత్రమే ఇంటికి పంపే డే కేర్ ఆపరేషన్ అయితే, అది మీ పాలసీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. తెల్ల రేషన్ కార్డు గానీ, ప్రభుత్వ ఆరోగ్య పథకం గానీ ఉన్నవారు డబ్బు కట్టే ముందు అదే ఆసుపత్రిలో ప్రభుత్వ పథకం తరఫున రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర ఉంటే ఒకసారి కలవడం మంచిది.

ఏడో అడుగు: డిశ్చార్జ్ రోజు తొందరపడకండి

మొత్తం మాత్రమే ఉన్న బిల్లు కాకుండా వరుసలవారీ బిల్లు అడిగి, మందుల పట్టికలో వాడకుండా ఫార్మసీకి తిరిగి ఇచ్చినవాటి డబ్బు తగ్గించారో లేదో చూడండి. బీమా కంపెనీ తుది అనుమతిని మూడు గంటల్లో ఇవ్వాలని 2024 మే నెలలో నియంత్రణ సంస్థ ఆదేశించింది. అంతకంటే ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ భారం కంపెనీదే. సొంత డబ్బు కట్టేవారు రూ. 2 లక్షలు, ఆపైన నగదుగా ఇవ్వబోతే ఆసుపత్రి తీసుకోకూడదు కాబట్టి కార్డో, బ్యాంకు బదిలీయో సిద్ధం చేసుకోవాలి.

డిశ్చార్జ్ సమ్మరీ, పరీక్షల రిపోర్టులు, రసీదులతో పాటు మెష్ పెట్టె మీది స్టిక్కరును కూడా అడిగి తీసుకోండి. బీమా కంపెనీ ఇంప్లాంటు ఖర్చుకు దాన్నే ఆధారంగా అడుగుతుంది. అంతేకాక ఏళ్ల తర్వాత హెర్నియా తిరగబెట్టినా, నొప్పి వచ్చినా, కొత్త సర్జన్ మొదట అడిగేది లోపల ఏ మెష్ ఉందనే.