కంది విత్తనానికి రైజోబియం పట్టించడం ఎలా?

గాలిలో 78 శాతం నత్రజనే అయినా, ఏ పైరూ దానిని నేరుగా వాడుకోలేదు. కంది, పెసర, మినుము, శనగ, వేరుశనగ వంటి పైర్ల వేళ్లలో చేరి ఆ నత్రజనిని అమ్మోనియాగా మార్చి అందించేవి రైజోబియం జాతి బాక్టీరియాలు. అందుకు ప్రతిఫలంగా మొక్క వాటికి తాను తయారుచేసుకున్న చక్కెరలనూ, ఉండడానికి వేరు బుడిపెలనూ ఇస్తుంది. వీటిని బుడిపెల నుంచి వేరుచేసి 1888లో లోకానికి చూపినవాడు డచ్ శాస్త్రవేత్త మార్టినస్ బైయెరింక్. సూక్ష్మజీవులనగానే జ్వరాలూ విరేచనాలూ గుర్తుకు రావడం సహజమే గాని, మనం తినే పప్పులోని మాంసకృత్తుల వెనుక ఈ జీవుల శ్రమ ఉందన్న సంగతి కూడా అంతగానూ తెలియవలసినది.

రైజోబియం పొడి (దీనినే కల్చరు అంటారు) పొట్లం కొనేటప్పుడే సగం పని తేలిపోతుంది. రైజోబియంలో ఏ రకం ఏ పంటకు సరిపడుతుందన్నది ముఖ్యం. శనగకు పనికివచ్చే రకం కందికి పనికిరాదు. కాబట్టి పొట్లం మీద పంట పేరు, తయారైన తేదీ, గడువు తేదీ చూసి తీసుకోవాలి. లోపల ఉన్నవి బతికి ఉన్న జీవులు గనుక ఎండ పడే చోట, ఎరువుల బస్తాల పక్కన, పురుగుమందుల బీరువాలో పెట్టకుండా, వాడేదాకా చల్లని నీడలో ఉంచాలి.

విత్తనానికి థైరమ్ వంటి శిలీంధ్రనాశిని పట్టించదలిస్తే, ఆ పని ముందే ముగించి ఒక రోజు గడిచిన తరువాతనే రైజోబియం పట్టించాలి. ఈ క్రమం తారుమారైతే, పట్టించిన బాక్టీరియాను మన మందే చంపుతుంది.

విత్తే రోజున సుమారు 300 మి.లీ. నీటిలో 30 గ్రాముల బెల్లం కరిగించి, కొద్దిసేపు మరగించి, పూర్తిగా చల్లారనివ్వాలి. గోరువెచ్చగా ఉన్నా తొందరపడకూడదు. పాలిథిన్ పట్టా మీద 8 నుంచి 10 కిలోల విత్తనాన్ని పరచి, బెల్లం నీటిని పైపైన చిలకరిస్తూ చేతులతో కలపాలి. గింజ తడిస్తే చాలు, పట్టా మీద నీరు నిలవకూడదు, మిగిలిన నీటిని పారబోసినా నష్టం లేదు. తరువాత 200 గ్రాముల కల్చరు పొడి చల్లి, ప్రతి గింజకూ నల్లటి పూత పట్టేవరకు మెల్లగా కలపాలి. గింజల తోలు ఊడేంత గట్టిగా రుద్దకూడదు. ఆ తరువాత అరగంటసేపు నీడలో ఆరబెట్టి, అదే రోజు, పదునున్న నేలలో విత్తుకోవాలి.

యూరియా ఎక్కువగా వేసే అలవాటే ఈ పద్ధతికి పెద్ద శత్రువని నా అభిప్రాయం. నేలలో నత్రజని సమృద్ధిగా దొరికినప్పుడు మొక్క బుడిపెలను పెంచే ఖర్చు పెట్టుకోదు. ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం విత్తేటప్పుడు వేయడం అపరాలకు సాధారణ సిఫారసు. ఈ కాస్త నత్రజని బుడిపెలు తయారయ్యేదాకా మొక్కను నిలబెట్టడానికే. చేలో నీరు నిలవకుండా కాలువలు తీయడం కూడా అవసరం, ఎందుకంటే గాలి ఆడని నేలలో బుడిపెలు పనిచేయవు.

ఫలితం చూడాలంటే విత్తిన 30–40 రోజులకు ఒక మొక్కను పారతో మట్టిగడ్డతో సహా తవ్వి తీయాలి. చేత్తో పీకితే బుడిపెలు నేలలోనే ఉండిపోతాయి. బకెట్ నీటిలో మట్టి కరిగేదాకా నానబెట్టి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూస్తే, లోపల రక్తం చారలాంటి గులాబీ రంగు కనిపిస్తుంది. ఇది లెగ్‌హీమోగ్లోబిన్ అనే మాంసకృత్తి రంగు. బాక్టీరియాకు ఊపిరికి కావలసినంత ఆక్సిజన్ అందిస్తూనే, నత్రజనిని మార్చే ఎంజైమును ఆక్సిజన్ దెబ్బతీయకుండా ఇది కాపాడుతుంది. గులాబీ రంగుంటే బుడిపె పనిచేస్తున్నట్లే. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదని, ఆకుపచ్చగానో బూడిదరంగుగానో ఉంటే వయసు తీరిందని అర్థం.

నేలలోని నులిపురుగుల (నెమటోడ్ల) వల్ల వేళ్లకు వచ్చే ఉబ్బులను చూసి బుడిపెలని పొరబడే అవకాశం ఉంది. రైజోబియం బుడిపె వేరు పక్కన అంటుకుని ఉండి, వేలితో నెడితే ఊడివస్తుంది. నులిపురుగు సోకితే వేరే ఉబ్బి ముడులు పడుతుంది, ఊడదు. అలాంటి వేరును కల్చరు బాగుచేయదు కనుక, మొక్కను వేళ్లతో సహా తీసుకెళ్లి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించాలి.