లోకల్ ప్యాకేజీని ప్రాజెక్టుకు కలిపే ముందు జాగ్రత్తలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో ఇంటి నుంచే కోడ్ రాస్తున్న మన పిల్లల కోసం ఇది. లోకల్ ప్యాకేజీ అంటే నెట్ నుంచి కాకుండా మీ మెషీన్‌లోని ఫోల్డర్ నుంచే ప్రాజెక్టుకు కలిపే కోడ్. నెట్ బాగున్నప్పుడే డిపెండెన్సీలన్నీ, అంటే మీ కోడ్ ఆధారపడే ప్యాకేజీలన్నీ, ఒకసారి పూర్తిగా దింపుకోండి. వానకు లైన్ పోయినా, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను దింపే ఎన్‌పీఎమ్ టూల్‌లోని ‘ఎన్‌పీఎమ్ సీఐ’ కమాండ్‌కు ఆఫ్‌లైన్ ఆప్షన్ తగిలిస్తే, ముందే దింపి మెషీన్‌లో దాచిన క్యాష్‌లో ఉన్నవాటితోనే పని జరిగిపోతుంది.

• లాక్ ఫైల్ (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉంచే ఫైల్) గిట్‌లో, అంటే కోడ్ మార్పులను దాచే టూల్‌లో, ఉందా? లేకపోతే ముందు అది చేర్చండి.

• ప్యాకేజ్ డాట్ జేసన్‌లో (డిపెండెన్సీల జాబితా ఉండే ఫైల్) ‘ఫైల్’ అని ఇచ్చే పాత్ మీ సి డ్రైవ్‌తో మొదలవకూడదు. బరంపురంలో కూర్చున్న మీ టీమ్‌మేట్ మెషీన్‌లో ఆ ఫోల్డర్ ఉండదు కదా! రెండు ఫోల్డర్లనూ ఒకే రిపోలో (గిట్‌లోని ప్రాజెక్టు ఫోల్డర్) పెట్టి రిలేటివ్ పాత్, అంటే ప్రాజెక్టు ఫోల్డర్ నుంచి లెక్కించే పాత్, ఇవ్వండి.

• ఎక్కువమంది ఇరుక్కునేది సిమ్‌లింక్ (అసలు ఫోల్డర్‌ను చూపే షార్ట్‌కట్ లాంటిది) దగ్గర. ఎన్‌పీఎమ్ లోకల్ ఫోల్డర్‌ను కాపీ చేయదు, లింక్ మాత్రమే పెడుతుంది. ఆ ఫోల్డర్‌లో సొంత నోడ్ మాడ్యూల్స్ (దింపిన ప్యాకేజీలు ఉండే ఫోల్డర్) ఉండి, అందులో రియాక్ట్ (వెబ్ స్క్రీన్లు కట్టే లైబ్రరీ) కూడా ఉంటే, అది రెండు కాపీలు లోడై, ‘ఇన్‌వాలిడ్ హుక్ కాల్’ అని ఎర్రగా వస్తుంది. రియాక్ట్‌ను పీర్ డిపెండెన్సీగా, అంటే వాడే ప్రాజెక్టే ఇవ్వాల్సిన ప్యాకేజీగా, రాయండి. తర్వాత ‘ఎన్‌పీఎమ్ ప్యాక్’తో టీజీజెడ్ ఫైల్ (ప్యాకేజీ అంతా కుదించిన ఒకే ఫైల్) చేసి, దాన్నే ఇన్‌స్టాల్ చేసి చూడండి. నా దృష్టిలో రిలీజ్‌కు ముందు ఇది తప్పనిసరి. బిల్డ్ ఫోల్డర్ (వాడకానికి తయారైన కోడ్ ఉండేది) ప్యాకేజీలోకి వెళ్లిందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది.

• చిన్న ప్యాకేజీ అని తేలిగ్గా తీసుకోకండి. 2016 మార్చిలో ‘లెఫ్ట్-ప్యాడ్’ అనే 11 లైన్ల ప్యాకేజీని ఎన్‌పీఎమ్ నుంచి తీసేస్తే ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి.

• ఫైల్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం సరిచూడండి. విండోస్ ఊరుకుంటుంది, లైనక్స్ సర్వర్ ఊరుకోదు.

• నోడ్ మాడ్యూల్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి వేరే మెషీన్‌కు ఇవ్వొద్దు.