టెస్ట్ బిల్డ్ అవతలివాళ్ల ఫోన్‌లో ఎక్కాలంటే

కేబుల్‌తో తగిలించిన మన ఫోన్‌లో యాప్ నడపడం పెద్ద పనేం కాదు. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో పచ్చ బాణం నొక్కితే అదే ఎక్కేస్తుంది. దాని టెస్ట్ బిల్డ్‌ని, అంటే పరీక్ష కోసం తయారుచేసిన ప్రతిని, టెస్ట్ చేసేవాళ్లకి పంపినప్పుడే తలనొప్పి మొదలు. "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని స్క్రీన్‌షాట్ వస్తుంది, ఎందుకో మాత్రం అందులో ఉండదు. టీమ్‌లో బిల్డులు పంచే పని నాదే కాబట్టి, నేను పాటించే వరస చెప్తాను.

ముందు టెస్ట్ యాప్‌ని అసలు యాప్ నుంచి విడదీయండి. యాప్ మాడ్యూల్ గ్రేడిల్ ఫైల్‌లో (బిల్డ్ సెట్టింగులు ఉండే ఫైల్) డీబగ్, అంటే పరీక్షకి వాడే, బిల్డ్ టైప్ దగ్గర అప్లికేషన్ ఐడీకి (ఫోన్ యాప్‌ని గుర్తుపట్టే పేరు) సఫిక్స్‌గా "డాట్ డీబగ్" పెడితే చాలు, ఫోన్ దాన్ని వేరే యాప్‌గా చూస్తుంది. స్టోర్ నుంచి దించుకున్న యాప్, అందులోని డేటా చెక్కుచెదరవు. డీబగ్ సోర్స్ ఫోల్డర్‌లో స్ట్రింగ్స్ ఫైల్ విడిగా పెట్టి పేరు కూడా మార్చండి. "టెస్ట్" అన్న మాట పేరుకి ముందు ఉండాలి, చివర కాదు. పొడుగు పేర్లని హోమ్ స్క్రీన్ మధ్యలోనే కోసేస్తుంది, చివర పెట్టింది ఎవరికీ కనపడదు. ఐకాన్ రంగు కూడా మార్చేస్తే ఇంకా మంచిది.

ఐడీ మార్చాక రెండు చోట్ల దెబ్బ తగలొచ్చు. గూగుల్ వాళ్ల ఫైర్‌బేస్ సర్వీసులు వాడుతుంటే కొత్త ఐడీని కూడా అక్కడ నమోదు చేసి, గూగుల్ సర్వీసెస్ ఫైల్ మళ్లీ దించుకోవాలి. లేకపోతే బిల్డే ఆగిపోతుంది. రెండోది, మ్యానిఫెస్ట్‌లో (యాప్ వివరాలు రాసే ఫైల్) ఫైల్ ప్రొవైడర్ అథారిటీని, అంటే ఫైళ్లు పంచుకునే భాగం పేరుని, ఎవరైనా నేరుగా టైప్ చేసి ఉంటే రెండు యాప్‌లకీ అదే పేరు వచ్చి, రెండోది ఎక్కదు. అక్కడ బిల్డ్ అప్పుడు దానంతటదే నిండే అప్లికేషన్ ఐడీ ప్లేస్‌హోల్డర్ వాడండి.

ఇక బిల్డ్. పచ్చ బాణంతో తయారైన ఏపీకేని (ఫోన్‌లో ఎక్కించే యాప్ ఫైల్) తీసి పంపకండి. ఆండ్రాయిడ్ స్టూడియో దానికి "టెస్ట్ ఓన్లీ" గుర్తు వేస్తుంది. ఫైల్ మీద నొక్కితే అది ఎక్కదు, కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే ఏడీబీ టూల్‌లో ఇన్‌స్టాల్ కమాండ్‌కి "డ్యాష్ టీ" తగిలించాల్సిందే. బిల్డ్ మెనూలోంచి ఏపీకే బిల్డ్ చేయండి. మాడ్యూల్ లోపల బిల్డ్, అవుట్‌పుట్స్, ఏపీకే, డీబగ్ ఫోల్డర్లలో దొరుకుతుంది. పంపే ప్రతిసారీ వెర్షన్ కోడ్ (బిల్డ్ వరస అంకె) ఒకటి పెంచండి. సెట్టింగ్స్ పేజీ అడుగున ఆ అంకె కనపడేలా పెడితే, "ఏ బిల్డ్‌లో వచ్చింది?" అని అడిగి తెలుసుకునే బాధ తప్పుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సతాయించేది సంతకం, అంటే యాప్ ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఫోన్‌కి చెప్పే డిజిటల్ ముద్ర. డీబగ్ బిల్డ్ మీద సంతకం చేసే కీ మీ హోమ్ ఫోల్డర్‌లో, డాట్ ఆండ్రాయిడ్ అనే దాగిన ఫోల్డర్‌లో ఉంటుంది. అది ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా తయారవుతుంది. నిన్న నేను పంపిన బిల్డ్ మీద ఇవాళ పక్క సీటాయన తన కంప్యూటర్‌లో చేసిన బిల్డ్ వేయబోతే, సంతకాలు కలవక ఫోన్ వద్దంటుంది. పాతది తీసేస్తే కొత్తది ఎక్కుతుంది గానీ, టెస్టర్ కూడబెట్టుకున్న డేటా గంగలో కలుస్తుంది. అందుకే టీమ్ అంతటికీ ఒకే డీబగ్ కీస్టోర్‌ని (కీ ఉండే ఫైల్) టీమ్ కోడ్ ఉంచే రిపోజిటరీలో పెట్టి, గ్రేడిల్ ఫైల్ సైనింగ్ కాన్ఫిగ్‌లో దాన్నే చూపించండి. ఈ కీ రహస్యమేం కాదు, దాని పాస్‌వర్డ్ "ఆండ్రాయిడ్" అని లోకమంతా తెలుసు. స్టోర్‌కి వెళ్లే బిల్డ్ మీద సంతకం చేసే రిలీజ్ కీని మాత్రం ఆ ఛాయలకి కూడా రానివ్వకండి. గూగుల్ లాగిన్ ఉన్న యాప్ అయితే ఈ ఉమ్మడి కీ ఎస్‌హెచ్‌ఏ-1 (కీకి వేలిముద్ర లాంటిది) గూగుల్ దగ్గర ఒక్కసారి నమోదు చేస్తే సరి.

పాతది తీసేశాక కూడా సంతకం గొడవే వస్తోందంటే, ఫోన్‌లో వర్క్ ప్రొఫైల్ (ఆఫీసు యాప్‌లకి విడిగా ఉండే భాగం) గానీ రెండో యూజర్ గానీ ఉందేమో అడగండి. ఇక్కడ తీసినా అక్కడ మిగిలే ఉంటుంది.

పంపడానికి జీమెయిల్ పనికిరాదు, ఏపీకేని జిప్ చేసినా ఆపేస్తుంది. డ్రైవ్ లింక్ ఇవ్వండి. ఆండ్రాయిడ్ 8 నుంచి "తెలియని యాప్‌ల" అనుమతి ఫోన్ మొత్తానికి కాకుండా యాప్‌కొకటి ఉంటుంది. ఫైల్‌ని ఏ యాప్‌లోంచి తెరిస్తే దానికే ఇవ్వాలి. పనయ్యాక ఆ అనుమతి తీసేయమని కూడా చెప్పండి.

ఇంతా చేసి ఎక్కకపోతే ఊహించుకుంటూ కూర్చోకండి, ఆ ఫోన్‌ని కేబుల్‌కి తగిలించండి. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి ఏడీబీ ఇన్‌స్టాల్‌తో వేయండి. ఫోన్ దాచిన కారణాన్ని ఏడీబీ చెప్పేస్తుంది. "అప్‌డేట్ ఇన్‌కంపాటిబుల్" అంటే సంతకం, "వెర్షన్ డౌన్‌గ్రేడ్" అంటే ఫోన్‌లో ఉన్నదానికన్నా వెర్షన్ కోడ్ తక్కువ, "ఓల్డర్ ఎస్‌డీకే" అంటే యాప్ అడిగే కనీస ఆండ్రాయిడ్ వెర్షన్ ఆ ఫోన్‌కి లేదు. ఆండ్రాయిడ్ 11 గానీ ఆపైది గానీ ఉన్న ఫోన్లయితే కేబుల్ కూడా అక్కర్లేదు, వైర్‌లెస్ డీబగ్గింగ్‌లో పెయిరింగ్ కోడ్ కొడితే చాలు.

డీబగ్ బిల్డ్ చూసి యాప్ నెమ్మదిగా ఉందని తీర్పు చెప్పనివ్వకండి. కోడ్‌ని కుదించే ఆర్8 మామూలుగా డీబగ్‌లో నడవదు, అది తెచ్చే క్రాష్‌లూ అందులో కనపడవు. విడుదలకి ముందు రిలీజ్ బిల్డ్‌నే ప్లే స్టోర్‌లో యాప్‌లు పెట్టే ప్లే కన్సోల్ ఇంటర్నల్ టెస్టింగ్‌లో పెట్టండి, 100 మంది దాకా చేర్చుకోవచ్చు. అక్కడికి ఏఏబీ ఫైల్ (ప్లే స్టోర్ కోసం చేసే ప్యాకేజీ) ఎక్కించాలి. అదే ఫైల్‌ని ఎవరికైనా నేరుగా పంపితే మాత్రం ఫోన్‌లో తెరుచుకోదు.

ఐఫోన్ టెస్టర్లుంటే ఆపిల్ వాళ్ల టెస్ట్ బిల్డ్ సర్వీస్ టెస్ట్‌ఫ్లైట్ వాడండి. బయటి టెస్టర్లకి వెళ్లే మొదటి బిల్డ్‌ని ఆపిల్ పరిశీలిస్తుంది కాబట్టి ఆఖరి నిమిషం దాకా ఆగొద్దు. అక్కడ ప్రతి బిల్డ్ 90 రోజులకి చెల్లిపోతుంది, ఆ గడువు దగ్గరపడేలోపు కొత్తది ఎక్కించేయండి.